సవరణ: నోజిక్ సంశయవాదిని ఓడించలేదు

అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ పుస్తకం ‘ఫిలసాఫికల్ ఎక్స్‌ప్లనేషన్స్’ (1981) మీద నేను పెట్టిన పోస్టులో, జ్ఞానానికి కొత్త నిర్వచనం ఇచ్చి ఆయన సంశయవాదిని (మనకు ఏదీ నిజంగా తెలియదని వాదించేవాణ్ని) ఓడించాడన్న వాక్యం తీసేశాను. పుస్తకంలో ఉన్నది వేరు.

నోజిక్ ప్రకారం నమ్మకం నిజమైతే చాలదు, అది నిజాన్ని వెన్నంటి ఉండాలి. విషయం అబద్ధమై ఉంటే మనం నమ్మి ఉండకూడదు, నిజమై ఉంటే నమ్మి ఉండాలి. ఇప్పుడు సంశయవాది అడుగుతాడు: నువ్వు ఆల్ఫా సెంటారీలో ఒక తొట్టిలో తేలుతూ, ఇవే అనుభవాలు పొందుతూ లేవని నీకు తెలుసా? తెలియదనే నోజిక్ ఒప్పుకుంటాడు. తొట్టిలో ఉన్నా లేననే అనుకుంటాం కదా! అయినా నా చేతిలో పుస్తకం ఉందని నాకు తెలుసు అంటాడు. చేతిలో నిజంగా పుస్తకం ఉంటే తొట్టిలో లేనట్టే కదా! అంటే, తెలిసిన దాని నుంచి తర్కంగా వచ్చేదంతా తెలిసినట్టే అన్న సూత్రాన్నే ఆయన వదులుకున్నాడు. చాలామందికి మింగుడుపడనిది ఇదే, నాకూ అంతే.

ఇంకో చేర్పు. మనవడు ఎదురుగా కనిపిస్తే క్షేమంగా ఉన్నాడని నాయనమ్మకు తెలుస్తుంది. అతనికి బాగోలేకపోతే ఇంట్లోవాళ్లు దాచిపెట్టి, బాగున్నాడనే చెప్పేవారు, ఆవిడా నమ్మేది. అంటే పై షరతు ప్రకారం ఆవిడకు తెలియనట్టే అవుతుంది. అందుకే ఏ పద్ధతిలో నమ్మామో అదే పద్ధతితో పరీక్షించాలంటాడు నోజిక్. ఈ షరతు లేకుండా సిద్ధాంతం నిలబడదు.

స్వేచ్ఛాసంకల్పం (మన నిర్ణయాలు నిజంగా మనవేనా అన్న ప్రశ్న) గురించి: ఒక పని చేయాలా వద్దా అనడానికి మనకుండే కారణాలకు ముందే తూకం ఉండదు, నిర్ణయించేటప్పుడు మనమే ఇస్తాం అన్నది ఆ పుస్తకంలో ఆయన పరిశీలించిన ఒక దారి. రుజువుగా చదవొద్దు.