మనిషికి పన్నెండు కిలోమీటర్లు

రైలు మార్గాన్ని కిలోమీటర్లలో కొలవడం పాతబడిన పద్ధతి. కడప జిల్లాలో అంతకంటే నిఖార్సైన కొలత ఉంది: అధికారి. రైల్వే డివిజనల్ మేనేజరు కుర్చీలో ఒక్కో అధికారి కూర్చునే కాలం సాధారణంగా రెండేళ్లు. నంద్యాల-ఎర్రగుంట్ల మార్గం 1996-97లో మంజూరై 2016లో ప్రయాణికులకు అందింది. అంటే 123 కిలోమీటర్లకు పదిమంది అధికారులు, మనిషికి పన్నెండు కిలోమీటర్ల చిల్లర.

ఇది ఎగతాళి కాదు. ఆ పదిమందిలో ఒక్కరి పదోన్నతి కూడా ఆలస్యమై ఉండదని నా గట్టి నమ్మకం. భూసేకరణ అక్కరలేని మార్గం అదొక్కటే మరి.

పెద్దాయన తనిఖీకి వస్తున్నారంటే ముందురోజే తెలిసిపోతుంది. స్టేషనంతా సున్నం వాసన. చెట్ల మొదళ్లకు ఎర్రమన్ను పట్టీలు, ఏడాదిగా ఎండిన కుళాయిలో నీళ్లు. ఆయన ప్రయాణించే సెలూన్ బోగీని రైలు చివర తగిలిస్తారు. పట్టాలను పరిశీలించడానికి దానికి వెనకవైపు పెద్ద కిటికీ ఉంటుంది. అందులోంచి వదిలి వచ్చిన దారంతా స్పష్టంగా కనిపిస్తుంది. వేయవలసిన దారి ఏ కిటికీలోంచీ కనిపించదు కాబట్టి ఆయనను తప్పుపట్టలేం.

మేం శాలువా కప్పి వినతిపత్రం ఇస్తాం. ఆయన శ్రద్ధగా చదివి, "నిర్మాణ విభాగం వేరండీ" అంటారు. అబద్ధం కాదు, నిజంగానే వేరు. ఆ విభాగం వారిని అడిగితే రాష్ట్రం సగం వాటా ఇవ్వాలంటారు. అదీ అబద్ధం కాదు. ఇంతమంది సత్యసంధుల మధ్య మార్గం ఎలా ముందుకు సాగుతుంది?

కడప-బెంగళూరు మార్గం సంగతికి వస్తే నా కొలతే చిన్నబోయింది. 2008-09లో మంజూరైన 255 కిలోమీటర్లలో పట్టాలు పడింది పెండ్లిమర్రి దాకా, ఇరవై కిలోమీటర్ల చిల్లర. ఈలోగా ఎనిమిదిమంది అధికారుల కాలం ఎప్పుడో గడిచిపోయింది. మనిషికి రెండున్నర కిలోమీటర్లన్నమాట. ఈ లెక్కన మొత్తానికి సుమారు నూరుమంది కావాలి, అంటే రెండువందల ఏళ్లు. లెక్క రెండుసార్లు సరిచూశాను. మా ఆవిడ మూడోసారి చూసి, మనవళ్లకు కూడా చెప్పవద్దంది.

మొన్న ఒక పెద్దాయన కడప తనిఖీ ముగించుకుని బెంగళూరులో ఉన్న కూతురింటికి బయలుదేరారు. కారు మాట్లాడుకున్నారు. రాయచోటి, మదనపల్లె మీదుగా, మా రైలు పోవలసిన దారినే.