జ్వరం ఉందా అని అడిగితే జికా దొరకదు

వానలు మొదలైన పది పదిహేను రోజులకు మా వీధిలోకి ఆశా కార్యకర్త వస్తుంది. చేతిలో రిజిస్టరు, భుజాన సంచి. గుమ్మం ముందు నిలబడి ఒకటే ప్రశ్న: "ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా అమ్మా?" లేదంటే పేరు పక్కన గీత పెట్టుకుని పక్కింటికి వెళ్తుంది. ఒకసారి ఎదురింటి కోడలు లేదని చెబుతూనే మోచేతి దగ్గర గీరుకుంటోంది. చేతుల మీద, మెడ మీద సన్నటి దద్దుర్లు. కళ్లు కాస్త ఎర్రబడ్డాయి. తర్వాత అడిగితే "వేడి చేసిందండీ" అంది. ఆర్‌ఎంపీ దగ్గర సిట్రజిన్ బిళ్లలు తెచ్చుకుంది, నాలుగు రోజులకు తగ్గిపోయింది.

అది జికా, అంటే దోమకాటుతో సోకే వైరస్ జబ్బు, అని నేననడం లేదు. ఏ ఎలర్జీయో అయ్యుంటుంది. కానీ ఒకవేళ జికాయే అయినా ఆ రిజిస్టరులోకి ఎక్కే దారి లేదు. మన సర్వే జ్వరాన్ని వెతుకుతుంది. జికాకేమో జ్వరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా ఒళ్లు కాస్త వెచ్చబడేపాటిది. సోకిన ఐదుగురిలో నలుగురికి అసలు ఏ లక్షణమూ కనిపించదు. ఆ ఐదో మనిషికి ఎక్కువగా కనిపించేది దద్దు. ముఖం మీద మొదలై ఒంటి కిందికి దిగుతుంది, చాలామందికి దురద కూడా ఉంటుంది. దానితో పాటు పుసి కట్టని కళ్లకలక, వేళ్ల దగ్గరి చిన్న కీళ్లలో నొప్పులు. వారంలోపు అన్నీ సర్దుకుంటాయి. ఇంత మెతక జబ్బు గురించి ఎవరు మాత్రం ఎందుకు పట్టించుకుంటారు?

బ్రెజిల్ కూడా పట్టించుకోలేదు. 2015 మొదట్లో ఆ దేశపు ఈశాన్య రాష్ట్రాల ఆస్పత్రులకు దద్దుర్లు, దురదతో జనం బారులు కట్టారు. డెంగీ అనుకుంటే అంత తీవ్రత లేదు. తేలికపాటి డెంగీ అన్నారు, ఎలర్జీ అన్నారు, పేరు తెలియని జబ్బు అన్నారు. ఏప్రిల్‌లో బహియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గూబియో సోరెస్, సిల్వియా సార్ది అది జికా అని తేల్చారు. తేలాక కూడా 'ప్రాణం తీసే జబ్బు కాదుగా' అన్న ఊరటే ఎక్కువ. ఆగస్టు వచ్చేసరికి రెసిఫె నగరంలో పిల్లల నరాల వైద్యురాలు వనెస్సా వాన్ డెర్ లిండెన్ ముందుకు, తల బాగా చిన్నదిగా పుట్టిన బిడ్డలు ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలైంది. ఆ తల్లుల్లో చాలామంది గర్భం తొలి నెలల్లో ఒంటి మీద దద్దుర్లు వచ్చాయని గుర్తు చేసుకున్నారు. నవంబర్‌లో పరాయిబా రాష్ట్రంలో డాక్టర్ అడ్రియానా మెలో ఇద్దరు గర్భిణుల ఉమ్మనీరు పరీక్షకు పంపితే అందులో జికా దొరికింది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. దద్దుర్లకీ ఆ ప్రకటనకీ మధ్య ఏడాది గడిచిపోయింది.

ఈ కథ వైద్యానికి కొత్తదేం కాదు. 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టర్ నార్మన్ గ్రెగ్, శుక్లాలతో పుట్టిన పసిపిల్లల తల్లులకు గర్భంలో రుబెల్లా వచ్చిందని గమనించాడు. రుబెల్లా అంటే మూడు రోజులుండి పోయే దద్దు. తల్లికి చిరాకు, బిడ్డకు జీవితకాలపు చీకటి. ఇప్పుడు మన పిల్లలకు తొమ్మిదో నెల దాటాక వేసే ఎంఆర్ టీకాలో 'ఆర్' ఆ రుబెల్లాయే. జికాకు అలాంటి టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు.

వైరస్ మాత్రం పాతదే. 1947లో ఉగాండాలోని జికా అడవిలో, పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) మీద పరిశోధన కోసం బోనులో ఉంచిన కోతి రక్తంలో దొరికింది. అరవై ఏళ్ల పాటు దాని ఊసు పెద్దగా లేదు. 2007లో పసిఫిక్ సముద్రంలోని యాప్ దీవిలో పదిమందిలో ఏడుగురికి పైగా సోకింది. ఒక్కరూ చనిపోలేదు. 2013లో ఫ్రెంచ్ పాలినేసియాలో వ్యాపించినప్పుడు కాళ్లూ చేతులూ చచ్చుబడే గిలాన్ బారే సిండ్రోమ్ కూడా బయటపడింది. యాప్‌లో కనిపించని నష్టం జనం ఎక్కువ ఉన్న చోట కనిపించింది. అరుదైన ప్రమాదాలు కళ్లబడాలంటే సోకినవాళ్ల లెక్క పెద్దదై ఉండాలి. మనకు జనానికి కొదవ లేదు.

మన దేశంలో తొలి మూడు కేసులు అహ్మదాబాద్‌లో తేలాయి. ఆ సంగతి జనానికి తెలిసింది 2017 మే నెలాఖరులో, అదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వెబ్‌సైట్ ద్వారా. ల్యాబ్‌లో నిర్ధారణ అయి అప్పటికి నెలలు గడిచాయి. జనం భయపడతారని దాచామన్నది ఎప్పుడూ వినే సమాధానమే. ఆ నెలల్లో గర్భం దాల్చిన స్త్రీకి భయపడే హక్కు కూడా లేదా అన్నది నా ప్రశ్న. 2018లో జైపూర్ చుట్టుపక్కల 150కి పైగా కేసులు వచ్చాయి. 2021లో కాన్పూర్‌లో వందకు పైగా. 2024లో పుణెలోనూ వంద దాటాయి, అందులో చాలామంది గర్భిణులు. అదే ఏడాది జులై 3న కేంద్రం అన్ని రాష్ట్రాలకూ సూచనలు పంపింది: గర్భిణులకు పరీక్షలు చేయండి, జికా తేలితే కడుపులో బిడ్డ ఎదుగుదలను గమనిస్తూ ఉండండి అని. డిసెంబర్‌లో నెల్లూరు జిల్లాలో ఒక చిన్నారికి జికా కావచ్చన్న అనుమానం రాగానే టీవీల్లో రెండు రోజులు హడావుడి చేశారు. మూడో రోజు మరో వార్త దొరికింది.

వీటన్నిటిలో నేను పదేపదే తలచుకునేది 2021 కేరళ. తిరువనంతపురంలో ఒక నిండు గర్భిణి జ్వరం, తలనొప్పి, ఎర్రటి దద్దుర్లతో ఆస్పత్రికి వచ్చింది. వైద్యులు ఆమె నమూనా పరీక్షకు పంపారు. జికా అని తేలింది. ఆ దద్దును ఎలర్జీ అని కొట్టిపారేసి ఉంటే, ఆ రాష్ట్రంలో జికా ఉందన్న సంగతి ఎప్పటికి తెలిసేదో.

నిజానికి దద్దును పోల్చుకోవడం డాక్టర్లకే కష్టం. మన పెద్దవాళ్లకు ఈ విషయంలో మంచి పదసంపద ఉండేది. మశూచి పెద్దమ్మవారు, నీటి పొక్కులు ఆటలమ్మ, మీజిల్స్ తట్టు. ఆ పేర్లలో భక్తీ భయమూ ఎంత ఉన్నా పరిశీలన కూడా ఉంది. ఆటలమ్మలో ఒకే ఒంటి మీద ఒకచోట ఎర్ర చుక్క, ఇంకోచోట నీటి పొక్కు, మరోచోట ఎండిన పక్కు కనిపిస్తాయి. తట్టయితే ముందు మూడు నాలుగు రోజులు జలుబు, దగ్గు, నీళ్లు కారే కళ్లు, కాలిపోయే జ్వరం. ఆ తర్వాతే చెవుల వెనక, నుదుటి పైన మొదలై కిందికి దిగుతుంది. నోట్లో, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు లేస్తే పిల్లల్లో హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు. చికున్‌గున్యాకు పరిచయం అక్కర్లేదు. 2006 ప్రాంతంలో మన ఊళ్లలో మంచం దిగలేక గోడలు పట్టుకు నడిచినవాళ్లకు అదేంటో తెలుసు. దద్దు పోయినా నెలల తరబడి కీళ్లు వదలవు.

అసలు చిక్కు డెంగీతో. అదే దోమ, అదే కాలం, అదే వీధి. కాకపోతే డెంగీలో జ్వరం ఒక్కసారిగా కొట్టిపడేస్తుంది, కళ్ల వెనక నొప్పి పీకుతుంది. జ్వరం తగ్గే వేళకు వచ్చే దద్దులో ఎర్రదనం మధ్య తెల్లటి మచ్చలు మిగులుతాయి. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజులే అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి సొమ్మసిల్లడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఉంచకూడదు. డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి ముట్టుకోకూడదు.

ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. వైద్య పుస్తకాల్లో దద్దుర్ల ఫొటోలు చాలావరకు తెల్లతోలు మీదివి. నెట్‌లో వెతికినా అవే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఆ గులాబీ రంగు రానే రాదు. కాస్త ముదురుగా, ఊదాగా మారుతుంది, లేదా కంటికి ఆనదు. కిటికీ వెలుతురులో నిలబెట్టి వీపు మీద అరచేత్తో మెల్లగా నిమిరి చూడండి, బొంబాయి రవ్వ చల్లినట్టు చేతికి తగులుతుంది. దద్దు మీద గ్లాసు నొక్కి చూడటం ఇంకొక పద్ధతి (స్టీలుది కాదు, గాజుది). నొక్కినప్పుడు రంగు మాయమైతే కొంత నయం. మాయం కాకుండా అలాగే ఉంటే చర్మం కింద రక్తం చిమ్మినట్టు, అప్పుడు ఆలస్యం చేయకూడదు. నల్లటి ఒంటి మీద ఇలాంటి మచ్చలు అరచేతుల్లో, అరికాళ్లలో, కింది రెప్ప లోపల కాస్త స్పష్టంగా కనిపిస్తాయి.

ఇంత చూసినా కంటితో జికాను ఖాయం చేయలేం. ఆర్‌టీ పీసీఆర్ కావాలి. రక్తంలో వైరస్ మొదటి వారం దాకా దొరుకుతుంది, మూత్రంలో రెండు వారాల దాకా దొరకవచ్చు. ఆ గడువు దాటితే మిగిలేది యాంటీబాడీ పరీక్ష. జికా, డెంగీ ఒకే కుటుంబం వైరస్‌లు కాబట్టి, ఎప్పుడో ఒకప్పుడు డెంగీ వచ్చిపోయిన మనలాంటి చోట ఆ పరీక్ష ఒకదాన్ని చూపి ఇంకొకటి అనవచ్చు. అందుకే "డెంగీ నెగెటివ్, ఇంకేం లేదు, వెళ్లండి" అన్న మాట గర్భిణి విషయంలో సరిపోదు. ఏ నెలలో దద్దు వచ్చిందో కేసు షీటులో రాసి, నమూనా తీయించాలి. గర్భంలో జికా సోకిన తల్లుల బిడ్డల్లో 5 నుంచి 15 శాతం మందికి దాని తాలూకు సమస్యలు రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ఎక్కువమంది బిడ్డలు బాగానే పుడతారు. పరీక్షలో జికా తేలగానే కంగారుపడి గర్భం గురించి నిర్ణయాలు తీసుకోనక్కర్లేదు. ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌తో ఆపకుండా తర్వాత కూడా స్కాన్‌లు చేయిస్తూ తల ఎదుగుదల చూసుకోవాలి.

దోమ సంగతి అందరికీ తెలిసిందే, ఒక్కటి తప్ప. పగలు కుట్టే ఈ ఏడిస్ దోమ గుడ్లు నీళ్లలో తేలవు, డ్రమ్ము లోపలి గోడకు నీటి అంచున అతుక్కుంటాయి. నీళ్లు పారబోసినా ఎండిపోయి నెలల తరబడి బతికే ఉంటాయి. శుక్రవారం డ్రైడే అని నీళ్లు ఒంపి బోర్లించడంతో పని కాదు, పీచుతో గోడలు తోమాలి. కూలరు ట్రే, ఫ్రిజ్ వెనక ట్రే కూడా.

పోస్టర్లలో కనిపించని సంగతి మరొకటి ఉంది. జికా దోమ నుంచే కాదు, భర్త నుంచి భార్యకూ సోకుతుంది. వీర్యంలో అది నెలల పాటు ఉండగలదు. జికా ఉన్న ప్రాంతం నుంచి వచ్చిన మగవాళ్లు మూడు నెలలు కండోమ్ వాడాలి, భార్య గర్భిణి అయితే కాన్పు దాకా. కేసులు వచ్చిన ఏ ఊళ్లోనో ఉద్యోగం చేస్తూ పండక్కి ఇంటికొచ్చే అల్లుడికి ఈ మాట ఎవరు చెబుతారు? అత్తగారు చెప్పలేరు, ఆశా కార్యకర్త మొహమాటపడుతుంది. ఆమె చేతి రిజిస్టరులో జ్వరం గడి పక్కన దద్దుర్లకొక గడి, గర్భిణి ఉన్న ఇంటికి ఇంకొక గడి గీస్తే కనీసం అడగడానికి ఆమెకో వంక దొరుకుతుంది. దానికి కొత్త ల్యాబ్ అక్కర్లేదు, ఒక స్కేలూ పెన్సిలూ చాలు.