49 రాష్ట్రాలు గెలిచి ఏం లాభం?

1972 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీ రిచర్డ్ నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. అంత గాలి వీచినా అక్కడి పార్లమెంటులోని రెండు సభలు, ప్రతినిధుల సభ, సెనేట్, ఎదుటి పార్టీ డెమోక్రాట్ల దగ్గరే ఉండిపోయాయి, పైగా సెనేట్‌లో వాళ్లకే ఇంకో రెండు సీట్లు పెరిగాయి. మరుసటి ఏడాది, చివరికి నిక్సన్ పదవినే మింగేసిన వాటర్‌గేట్ కుంభకోణం మీద విచారణ కమిటీ వేసింది ఆ సెనేటే.

మనకిది వింతగా ఉంటుంది. ఇక్కడ ఎమ్మెల్యేల బలం ఉంటేనే ముఖ్యమంత్రి, సభలో మెజారిటీ లేనివాడికి ఆ కుర్చీయే లేదు. అమెరికాలో అధ్యక్షుడికి ఓటు వేరు, సభలకు ఓటు వేరు. కాబట్టి ప్రైమరీల (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల) టైమ్‌లో అక్కడి పార్టీ వాళ్లు "మనవాళ్లలో ఎవరు గెలుస్తారు?" అని తలలు బద్దలు కొట్టుకుంటుంటే నాకది సగం ప్రశ్నే అనిపిస్తుంది. ఓడిపోతామేమోనని భయపడే రాష్ట్రంలో ఆ పార్టీ సెనేట్ అభ్యర్థి ఈ అధ్యక్ష అభ్యర్థి పక్కన స్టేజీ ఎక్కుతాడా, లేక ఆ రోజు ఇంకో ఊళ్లో పనుందని తప్పించుకుంటాడా అన్నది మిగతా సగం.

తప్పు మనిషిని నిలబెడితే ఏమవుతుందో 1964లో రిపబ్లికన్లు చూశారు. వాళ్ల అధ్యక్ష అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలకే పరిమితమయ్యారు, అది సరే, ఆయనతో పాటు ప్రతినిధుల సభలో పార్టీ 140 సీట్లకు పడిపోయింది. డెమోక్రాట్లకు 295, సెనేట్‌లో 68. మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా), ఓటు హక్కు చట్టం ఆ సభల్లోంచే వచ్చాయి. అప్పటిదాకా భారత్‌కు ఏడాదికి వంద వలస వీసాల కోటా ఉండేది, దాన్ని ఎత్తేసిన 1965 వలస చట్టమూ అక్కడిదే (దానికి చాలామంది రిపబ్లికన్లూ ఓటేశారు, అది ఒప్పుకోవాలి). ఇవాళ డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇన్ని తెలుగు కుటుంబాలు ఉండటానికి మొదట తలుపు తీసింది ఆ చట్టమే.

అయితే ఎవరినీ భయపెట్టని మనిషిని పెడితే చాలు అనుకుంటే 2020 చూడండి. సౌత్ కరోలినా ప్రైమరీ తర్వాత డెమోక్రాట్లలో మధ్యేమార్గం నాయకులు చాలామంది గబగబా బైడెన్ వెనక చేరడానికి ఒక కారణం, వామపక్షం వైపు మొగ్గే బెర్నీ శాండర్స్ అయితే అంచు మీదున్న నియోజకవర్గాలు పోతాయన్న టెన్షన్. బైడెన్ గెలిచారు. ప్రతినిధుల సభలో మాత్రం పార్టీకి సీట్లు తగ్గాయి. మెయిన్ రాష్ట్రంలో ఆయన దాదాపు తొమ్మిది పాయింట్ల తేడాతో గెలిస్తే అదే రోజు అదే ఓటర్లు రిపబ్లికన్ సుసాన్ కాలిన్స్‌ను అంతే దర్జాగా సెనేట్‌కు పంపారు. మనం క్రాస్ ఓటింగ్ అంటామే, అదే. ట్రంప్ పోతే చాలనుకున్న ఓటరుకు డెమోక్రాటిక్ పార్టీ మీద ప్రేమ పుట్టినట్టు కాదు.

గెలుపు కన్నా తేడా ఎంతన్నది ముఖ్యమని నేననేది ఇందుకే. ఒహాయోలో డెమోక్రాట్ సెనేటర్‌గా ఉన్న షెరాడ్ బ్రౌన్ సంగతే తీసుకోండి. 2012లో ఒబామా ఆ రాష్ట్రం గెలిచారు, బ్రౌనూ గెలిచారు. 2024లో కమలా హారిస్ అక్కడ 11 పాయింట్ల తేడాతో ఓడిపోయారు, బ్రౌన్ నాలుగు పాయింట్ల లోపు తేడాతో ఓడిపోయారు. అంటే సొంత పేరు మీద ఏడెనిమిది పాయింట్లు లాక్కొచ్చినా చాలలేదు. పైన ఉన్న అధ్యక్ష అభ్యర్థి ఒహాయో గెలవక్కర్లేదు, ఐదారు పాయింట్లతో ఓడినా బ్రౌన్ బతికేవారేమో. అదే ఏడాది అరిజోనా, నెవాడా, విస్కాన్సిన్, మిషిగన్‌లను ట్రంప్ స్వల్ప తేడాతో గెలిచారు, నాలుగింటా సెనేట్ సీటు డెమోక్రాట్లకే దక్కింది. దేశమంతటి సర్వేలు చూసి అభ్యర్థిని తూచేవాళ్లకు ఈ లెక్క ఎక్కడా కనపడదు.

2024లో అటూ ఇటూ ఊగిన రాష్ట్రాలు ఏడు. వాటిలో మిషిగన్ తప్ప మిగతా ఆరింటిలో, అంటే పెన్సిల్వేనియా, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడాల్లో, 2028లో అధ్యక్ష ఎన్నికతో పాటే సెనేట్ సీటుకూ పోటీ ఉంది. ఏ పార్టీ అయినా టీవీ డిబేట్లలో ఎవరు బాగా మాట్లాడారో చూసేముందు ఈ ఆరు చోట్ల సెనేట్‌కు పోటీ చేయబోయేవాళ్లకు ఫోన్ చేసి, ఎవరి ఫోటో పక్కన మీ ఫోటో వేసుకుంటారు అని అడిగితే బాగుంటుంది. పైకి అందరూ "పార్టీ ఎవరిని పెట్టినా సరే" అనే అంటారు. ఎవరి పేరు చెప్పగానే కాసేపు మాట్లాడకుండా ఉండిపోయారో అది రాసుకోవాలి.