ప్లాన్ గీసే ముందు ఊడ్చేవాళ్లను అడగండి

పార్కు పాడైనా, మైదానం మురికి పట్టినా, ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే చోటు లేకపోయినా నెపం ముందుగా జనం మీదికే పోతుంది. జనానికి సివిక్ సెన్స్ లేదన్న మాట అధికారుల నోట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కంచె విరిచేశారని చెబుతారు గానీ అది సరిగ్గా ఎక్కడ విరిగిందో వెళ్లి చూసేవారు తక్కువ. బస్టాపు నుంచి బడికో ఆస్పత్రికో దగ్గర దారి పడేది చాలాసార్లు ఆ చోటునుంచే. కంచె వేసిన మర్నాడే ఎవరో ఒక చువ్వ వంచుతారు. నెల తిరిగేసరికి అది మనిషి పట్టే సందు అవుతుంది. రిపేరుకు బిల్లు పెడతారు, చువ్వ మళ్లీ వంగుతుంది. ఆ బిల్లుల డబ్బుతో అక్కడో చిన్న గేటు, దానికో బాట ఎప్పుడో వచ్చి ఉండేవి.

ఉమ్మడి స్థలాన్ని రోజూ వాడేవారికి దాని గురించి తెలిసినంత దాన్ని కట్టించినవారికి తెలియదు. వాన వెలిశాక నీళ్లు ఏ మూలన రెండు రోజులు నిలుస్తాయో, ఏ మ్యాన్‌హోల్ ముందుగా పొంగుతుందో ఊడ్చే కార్మికురాలు కళ్లు మూసుకుని చెప్పగలదు. ఏ వేళకు నీడ ఎటు జరుగుతుందో, జనం ఎప్పుడు పలచబడతారో తోపుడుబండి వ్యాపారికి తెలుసు. వీధి దీపాన్నే తీసుకోండి. పక్కనున్న చెట్టు ఏపుగా పెరిగి కొమ్మలు బల్బును కమ్మేస్తాయి. రికార్డులో ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అది నిజంగానే వెలుగుతోంది, ఆకుల పైన. కింద బెంచీ దగ్గర మాత్రం చీకటే. పొద్దుపోయాక ఆడవాళ్లు ఆ దారి ఎందుకు మానేశారో కారణం అక్కడే ఉంది. ఏ సర్వే మ్యాపూ దాన్ని చూపదు.

అడిగితే ఏం తెలుస్తుందో ఆస్ట్రియా రాజధాని వియన్నా అనుభవం చెబుతుంది. 1990ల నడుమ అక్కడి పార్కుల్లో ఎవరెవరు తిరుగుతున్నారో పరిశోధకులు గమనించారు. తొమ్మిది, పదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోంది. మగపిల్లల సంఖ్యలో అలాంటి తరుగుదల లేదు. ఆడపిల్లలకు ఆటల మీద ఆసక్తి పోయిందని అనుకుని ఊరుకుంటే కథ అక్కడితో ముగిసేది. తీరా చూస్తే పార్కు నడుమ ఉన్నది ఒకటే పెద్ద మైదానం. దానికోసం పోటీ వచ్చినప్పుడల్లా మగపిల్లల గుంపుదే పైచేయి. ఆడపిల్లలు గొడవ పడకుండా ఇంటిదారి పట్టారు. 1999లో రెండు పార్కులను మార్చి చూశారు. నడక దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు వేశారు, పెద్ద ఖాళీని మొక్కలతో చిన్న చిన్న చోట్లుగా విడదీశారు. ఎవరినీ వెళ్లగొట్టలేదు, కాపలా పెట్టలేదు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు.

అడగడమంటే ఫారాలు నింపించడమే కానక్కర్లేదు. ఓపికగా కూర్చుని చూసినా చాలు. న్యూయార్క్ నగరం 1961లో ఒక నిబంధన తెచ్చింది. భవనం ముందు జనానికి ఖాళీ స్థలం వదిలిన బిల్డర్లు అదనపు అంతస్తులు కట్టుకోవచ్చు. బిల్డర్లు అంతస్తులు కట్టుకున్నారు, స్థలాలూ వదిలారు. వాటిలో చాలా వాటివైపు జనం కన్నెత్తి చూడలేదు. 1970లలో విలియం వైట్ అనే పరిశీలకుడు ఆ స్థలాల్లో కెమెరాలు పెట్టి, మనుషులు ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో గంటల తరబడి చూశారు. ఆయన తేల్చింది వింటే నవ్వొస్తుంది: కూర్చునే చోటున్న దగ్గరే జనం కూర్చుంటారట! ఇంత చిన్న సంగతి నిబంధనల్లోకి ఎక్కడానికి 1975 దాకా పట్టింది. అదే నగరంలో మత్తుమందుల అడ్డాగా పేరుపడ్డ బ్రయంట్ పార్కుకు కూడా ఆయన చూపిన లోపం అలాంటిదే. వీధిలో పోయేవారికి లోపల ఏం జరుగుతోందో కనిపించకుండా పొదలు, గోడలు అడ్డున్నాయి. వాటిని సవరించి, ఎటైనా జరుపుకోగల కుర్చీలు వేసి 1992లో పార్కును మళ్లీ తెరిచాక అక్కడి తీరే మారిపోయింది.

ఉమ్మడి ఆస్తి ఎవరిదీ కాదు కాబట్టి అది పాడవక తప్పదన్న వాదన ఒకటి చాలాకాలం చెలామణి అయింది. 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ రాసిన వ్యాసం దానికి ఊతం. నిర్వహణ లేని ఉమ్మడి ఆస్తి గురించే తాను చెప్పానని ఆ తర్వాత ఆయనే సవరించుకున్నారు గానీ ఆ సవరణ అంతగా ప్రచారం కాలేదు. దీనికి గట్టి జవాబిచ్చింది ఎలినార్ ఆస్ట్రమ్. 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె. వాడుకునేవారే నియమాలు పెట్టుకుని ఉమ్మడి ఆస్తిని కాపాడుకోగలరని చూపడానికి ఆమె ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామం. అక్కడ 1517 నాటి నియమం ఒకటుంది. చలికాలమంతా ఇంట్లో ఎన్ని ఆవులను సాకగలరో, వేసవిలో ఉమ్మడి కొండ బీడుకు అన్నింటినే తోలాలి. మీరితే జరిమానా, వసూలు చేసిన వ్యక్తికి అందులో సగం. ఏ నిపుణుడూ వచ్చి చెప్పింది కాదు, అక్కడి చలీ గడ్డీ ఎరిగినవారు రాసుకున్నది.

ఆస్ట్రమ్ బృందం నేపాల్‌లో చూసింది ఇంకా ఆలోచింపజేస్తుంది. రాళ్లు, మట్టితో రైతులే కట్టుకుని నడుపుకునే కాలువలు, ప్రభుత్వం కాంక్రీటుతో కట్టిన వాటికంటే చివరి పొలాలకు నీళ్లు బాగా అందిస్తున్నాయి. మట్టి కట్ట ఏటా తెగుతుంది, బాగు చేయడానికి ఎగువ రైతుకు దిగువ రైతు సాయం కావాలి. ఆ సాయానికి బదులుగా దిగువకు నీళ్లు వదలాలి. కాంక్రీటు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది, దానితోపాటు చివరి పొలాల మాటా చెల్లకుండా పోయింది. కట్టిన ఇంజనీర్ల పనితనంలో లోటేమీ లేదు. మనుషుల మధ్య ఉన్న ఒప్పందమే వారి లెక్కలో లేదు.

అలాగని స్థానికుల ప్రతి మాటా వేదమని మేం అనడం లేదు. కాలనీ సంఘం పేరుతో గట్టిగా మాట్లాడేవారు నలుగురుంటారు. వారి దృష్టిలో బండి వ్యాపారి న్యూసెన్స్, బెంచీ మీద పడుకున్న కూలీ న్యూసెన్స్, బంతాట ఆడే పిల్లలైతే మరీను. వారి మాటే ప్రజల మాటగా రాసుకుంటే ఉమ్మడి స్థలం కొందరి పెరడైపోతుంది. అలాంటప్పుడు ‘స్థానికులు కోరారు’ అన్న వాక్యం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పక్కర్లేదు. దీనికి వ్యతిరేకంగా మన దేశంలో ఒక మంచి ఏర్పాటుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే కావాలి, వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. ఎవరిని అడగాలో చట్టమే చెప్పిన అరుదైన సందర్భం ఇది. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ అంతకు చాలా ముందే చెప్పింది. అవి ఎన్నిచోట్ల సక్రమంగా కూర్చుంటున్నాయో పురపాలక శాఖలే చెప్పాలి.

ఇప్పుడు జరిగే ‘ప్రజాభిప్రాయ సేకరణ’ చాలామటుకు తంతే. టెండర్ పిలిచి, కంకర దింపాక సభ పెట్టడం పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టుంటుంది. పైగా సభ పని దినం పదకొండు గంటలకు! ఆ వేళ కూలికి, బడికి పోయేవారెవరూ రాలేరు. యాప్‌ల సంగతీ అంతే. గుంత ఫొటో పంపితే ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తుంది, గుంత మాత్రం అక్కడే ఉంటుంది. బ్రిటన్‌లో 2007 నుంచి నడుస్తున్న ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైట్‌లో ఫిర్యాదు మ్యాపు మీద అందరికీ కనిపిస్తుంది. పక్కింటివారు చూస్తారు కాబట్టి ఊరికే మూసేయడం అంత తేలిక కాదు.

జనానికి తెలుసు కదా, జనమే చూసుకుంటారులే అని నగరపాలక సంస్థలు చేతులు దులుపుకోవడానికీ వీల్లేదు. ఇటలీలోని బొలోనా నగరం 2014లో తెచ్చిన నిబంధనల కింద పౌరులు, నగరపాలక సంస్థ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటారు. ఎవరు ఏం చేస్తారో, నగరం ఏం సమకూరుస్తుందో అందులో ఉంటుంది. మన దగ్గరా అలాంటి కాగితమే కావాలి.

డ్రాయింగ్ మొదలుపెట్టక ముందే సంబంధిత ఇంజనీరు ఆ స్థలంలో పొద్దున, మధ్యాహ్నం, చీకటి పడ్డాక తిరగాలి, వాన పడే రోజు తప్పనిసరిగా తిరగాలి. పారిశుధ్య కార్మికులు, వ్యాపారులు, పిల్లలు, వృద్ధులు చెప్పింది రాసుకోవాలి. కార్మికులు అందుకు వెచ్చించే సమయానికి కూలీ కట్టివ్వాలి, అది వారి పనిలో భాగమే. ఏ సూచన తీసుకున్నారో, ఏది ఎందుకు వదిలేశారో ఆ స్థలంలోనే బోర్డు మీద పెట్టాలి. మొత్తం ఖర్చులో కొంత భాగాన్ని తెరిచాక చేయాల్సిన మార్పుల కోసం పక్కన ఉంచాలి. కాంట్రాక్టరుకు చివరి బిల్లు ఒక వానాకాలం గడిచాకే చెల్లించాలి.