కేబుల్ కాదు మహాప్రభో, పేరు!

రాత్రి రెండింటికి ఫోను. "మిషన్ ఆగిపోయింది, కీ పెడితే గుర్తుపట్టడం లేదు, మీ ప్రోగ్రాములో ఏదో తేడా ఉంది." ఎప్పుడూ నా ప్రోగ్రామే! మూడేళ్లుగా ఎవరూ ముట్టుకోని ప్రోగ్రాము అర్ధరాత్రి లేచి తనను తానే చెడగొట్టుకుంది కాబోలు.

తీరా ఆ మందుల ఫ్యాక్టరీకి వెళ్తే, సాయంత్రం షిఫ్టులో కీ రీడరు మార్చారట. పెట్టిన ఎలక్ట్రానిక్ కీని చదివి, మిషన్ ముందు నిలబడ్డది ఎవరో, అతను ఏ సెట్టింగు వరకు ముట్టుకోవచ్చో పీఎల్‌సీకి, అంటే మిషన్‌ను నడిపే కంప్యూటరుకు, చెప్పే చిన్న డబ్బా అది. ఆకుపచ్చ కేబుల్ గుచ్చారు, పోర్టు దీపం వెలిగింది. కీ పెడితే ఉలుకూ పలుకూ లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని! అక్కడి పెద్దాయన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి "పింగ్ వస్తోంది చూడండి, నెట్‌వర్క్ బ్రహ్మాండం" అన్నారు. ల్యాప్‌టాప్ పలకరిస్తే రీడరు జవాబిస్తోందని ఆయన భావం. అప్పటికే కేబుల్ రెండుసార్లు మార్చారు. నేను రాకపోతే మూడోసారీ మార్చేవారే.

పింగ్ వస్తే ప్రొఫినెట్, అంటే పీఎల్‌సీ తన పరికరాలతో మాట్లాడుకునే నెట్‌వర్క్ పద్ధతి, నడిచినట్టేనా అండీ? పీఎల్‌సీ పరికరాన్ని వెతికేది ఐపీ అడ్రసనే నంబరుతో కాదు, పేరుతో. ఈ పేరు గలవారు ఎవరని వైరు మీద కేకేస్తుంది. పలికినదానికే ఐపీ ఇచ్చి పనిలో పెట్టుకుంటుంది. పీఎల్‌సీలో ఎక్కించిన ప్రాజెక్టులో రీడరు పేరు చివర అంకెకు ముందు ఒక అడ్డగీత ఉంది. కొత్త రీడరుకు వీళ్లు గీత లేకుండా కొట్టారు. అంతే! గీత పెట్టాను, పీఎల్‌సీ మీద ఎర్ర దీపం ఆరింది. ఒక్క గీతకు నా నిద్ర, వాళ్ల మూడు గంటల ఉత్పత్తి.

ఏ పోర్టు పక్కన ఏది ఉందో ముందే ప్రాజెక్టులో గీసిపెడితే, కొత్త రీడరుకు పీఎల్‌సీయే పేరు పెట్టుకునేది. మిషన్ బిగించిన రోజే అడిగాను, ఒక్కరోజు పని అని. "ఇప్పుడెందుకండీ, నడుస్తోంది కదా" అన్నారు. నడిచింది మరి, నిన్నటిదాకా.

అసలు ఒళ్లు మండింది దీనికి కాదు. రీడరులో పెట్టి చూపించిన కీ సూపర్‌వైజరుది. ప్యానెల్ పిడికి పురికొసతో కట్టి ఉంది. ఆయన సెలవు పెట్టి తిరుపతి వెళ్లి నాలుగు రోజులైంది. రికార్డు తీసి చూస్తే ఆ నాలుగు రోజులూ, మూడు షిఫ్టుల్లోనూ సెట్టింగులు మార్చింది ఆయనే! కొండ మీద గుండు చేయించుకుంటూనే ఇక్కడ మాత్రలు నొక్కే మిషన్ వేగం పెంచారన్నమాట. ఇక్కడ కీ పెట్టడమంటే సంతకం పెట్టినట్టే. ఎలక్ట్రానిక్ సంతకం ఒక్క మనిషిదే కావాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు అని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1997లోనే నిబంధన పెట్టింది. ఈ ఫ్యాక్టరీ మందులు వెళ్లేది ఆ దేశానికే. ఒక్కో కీలో రాసుకోవడానికి 116 బైట్లు, చెరపలేని క్రమసంఖ్య, మనిషికొక కీ. ఇంత ఏర్పాటునూ ఓడించింది రెండు రూపాయల పురికొస.

ఈ మాట అంటే "అందరికీ కీలిస్తే పోగొడతారు సార్" అని జవాబు. ఎవరు పోగొడతారు? కాంట్రాక్టు కుర్రాళ్లు. ఆరేళ్లుగా అదే మిషన్ నడుపుతున్నవాళ్లకు ఇంకా పేరు మీద ఒక కీ లేదు.

తెల్లవారి లాగ్‌బుక్కులో ఏం రాశారో తెలుసా? "కేబుల్ లూజు. బిగించాం. ప్రోగ్రాము సరిచేయించాం."

ప్రోగ్రాములో ఒక్క అక్షరం ముట్టుకుంటే ఒట్టు.