న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగలదు: గేర్ల మీద తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. కొత్తగా కారు నేర్చుకునేవాళ్లకి గేర్లు మెత్తగా మార్చే చిట్కాలట, పాటిస్తే మైలేజీ కూడా పెరుగుతుందట. అందులో ఉన్నవి క్లుప్తంగా ఇవి. ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలెయ్యాలి. స్పీడు 20కి రెండో గేరు, 40కి మూడు, 50కి నాలుగు, 60కి అయిదు, ఈ లెక్క తప్పకూడదు. గేరు మార్చినప్పుడు కుదుపు వస్తే గేర్‌బాక్సు పాడైనట్టే. గేర్లు దించేటప్పుడు ఒక్కటి కూడా దాటెయ్యకూడదు. బ్రేకు వేసే ముందు క్లచ్ పూర్తిగా తొక్కాలి. ట్రాఫిక్‌లోనూ ఎత్తు మీదా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టాలి.

చదవగానే నమ్మాలనిపిస్తుంది, ఎందుకంటే వీటిలో ఒకటి రెండు ఒకప్పుడు నిజమే. ఇప్పటి బండ్లకి, అందులోనూ కొత్త చేతులకి, ఇవి చెడు చేస్తాయి. మొదటిదైతే ప్రాణం మీదికి తెస్తుంది.

పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ ఉన్న రోజుల్లో ఎక్సలేటర్ మీంచి కాలు తీసేసినా, గేరులో ఉన్న ఇంజిన్ తిరిగినంతసేపూ కొంత పెట్రోలు లాగుతూనే ఉండేది. న్యూట్రల్ కొడితే మిగులుతుందన్న మాట అప్పటిది. ఇప్పుడు రోడ్డు మీదున్న కార్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, అంటే కంప్యూటర్ చెప్పినంత పెట్రోలునే ఇంజెక్టర్లు చిమ్ముతాయి. గేరులో ఉంచి ఎక్సలేటర్ పూర్తిగా వదిలితే, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతున్నాయని లోపలి కంప్యూటర్ గుర్తించి ఇంజెక్టర్లను ఆపేస్తుంది. ఇంజిన్ తిరుగుడు ఐడిలింగ్ (ఎక్సలేటర్ తొక్కకుండా బండి ఊరికే ఆన్‌లో ఉన్నప్పటి తిరుగుడు) దగ్గరికి పడిపోయేదాకా ఒక్క చుక్క కూడా లోపలికి పోదు. అదే న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పొయ్యక తప్పదు. చిన్న కారు ఊరికే ఆన్‌లో ఉన్నా గంటకి అర లీటరు పైనే తాగుతుంది.

'అందుకే కదా ఇంజిన్ ఆపెయ్యమన్నాం' అంటారేమో. గేరులో దిగినా ఖర్చు సున్నా, ఇంజిన్ ఆపి దిగినా సున్నా. మిగిలిందేమీ లేదు, పోయేవి మాత్రం చాలా ఉన్నాయి. బ్రేకు పెడల్ తేలిగ్గా దిగడానికి కారణం ఇంజిన్ నడిచినంతసేపూ కాలికి సాయం చేసే వాక్యూమ్ బూస్టర్. ఇంజిన్ ఆగాక అందులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు సార్లు తొక్కితే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగ్ సాయం పోతుంది. తాళం చెవి తిప్పే బండి అయితే, తాళం ఇంకాస్త వెనక్కి తిప్పి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ కూడా పడొచ్చు. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఎయిర్‌బ్యాగులు కూడా పనిచెయ్యవు. ఇదంతా ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద, కిందనుంచి జనం నడిచి వస్తుండగా జరిగితే ఏమవుతుందో ఆ మెసేజ్ రాసినవారు ఒక్క నిమిషం ఆలోచించాల్సింది.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి న్యూట్రల్‌లో దిగినా ప్రమాదం తప్పదు. బండిని పట్టి ఉంచే పని మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. కోటప్పకొండ, కొండవీడు లాంటి మలుపుల దారుల్లో బ్రేకు తొక్కుతూనే దిగితే డిస్కులు, ప్యాడ్లు కాలిపోతాయి, ఆ వేడి బ్రేకు ఆయిల్‌కి చేరుతుంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్న పాత ఆయిల్‌కి ఆ హద్దు 140 డిగ్రీల దాకా పడిపోతుంది. ఆయిల్ మరిగి బుడగలు పుడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. లారీ డ్రైవర్లు ఎప్పటినుంచో పాటించే పద్ధతి ఇక్కడ సరైనది: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. చాలా కార్లకి అది రెండో గేరు, మరీ నిటారుగా ఉంటే మొదటిది.

ఒక్కటి ఒప్పుకోవాలి. పల్లం చాలా స్వల్పంగా ఉండి, గేరులో వదిలితే బండి నెమ్మదించే చోట న్యూట్రల్‌లో ఇంకొంత దూరం దొర్లుతుంది, లెక్క వేస్తే కాస్త పెట్రోలు మిగలొచ్చు కూడా. కానీ మెసేజ్ చెప్పేది ఘాట్ గురించి.

ఇక స్పీడు లెక్క. 60కి అయిదో గేరు అన్న అంకె ఏ కారుకి? ఎంతమంది ఎక్కిన కారుకి? గేరు ఎప్పుడు మార్చాలన్నది ఇంజిన్ తిరుగుడుని, దాని మీదున్న బరువుని బట్టి ఉంటుంది. మామూలు పెట్రోలు కారులో 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య, డీజిల్‌లో ఇంకాస్త ముందే పై గేరు వేసుకోవచ్చు. అది చదును రోడ్డు మీద, బరువు లేనప్పుడు. మే నెల ఎండలో అయిదుగురు కూర్చుని, ఏసీ ఫుల్లుగా పెట్టుకుని కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు అదే అంకె పట్టుకుంటే బండి గుంజలేక వణుకుతుంది. అప్పుడు ఎక్సలేటర్ నేలకి నొక్కినా పికప్ రాదు, పెట్రోలు మాత్రం ఎక్కువ పోతుంది, ఇంజిన్ లోపల టకటకమని కొట్టుకోవడం (నాకింగ్) మొదలవుతుంది. వీలైనంత తొందరగా పై గేరుకి పోవడం మైలేజీకి మంచిదే. ఇంజిన్ ఇబ్బంది పడనంతవరకే. మీటరు కంటే ముందు చెవికీ, స్టీరింగ్ పట్టుకున్న చేతికీ అది తెలుస్తుంది.

కుదుపు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గేర్లు మెత్తగా మార్చడమంటే అసలు విషయం ఇదే. ఒక చిన్న కారులో మొదటి గేరు నిష్పత్తి (గేర్‌బాక్సు బయటి షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరగాల్సిన చుట్లు) 3.5, రెండోది 1.9 అనుకుందాం. మొదటి గేరులో ఇంజిన్ 3000 తిరుగుతున్నప్పుడు రెండోది వేస్తే, అదే స్పీడుకి ఇంజిన్ దాదాపు 1630 దగ్గర ఉండాలి. క్లచ్ టక్కున వదిలేస్తే ఇంకా 3000 దగ్గరే ఉన్న ఇంజిన్ చక్రాలను ఒక్కసారిగా ముందుకి తోస్తుంది. ఆలస్యం చేసి వదిలితే ఇంజిన్ ఐడిలింగ్‌కి పడిపోయి, చక్రాలే దాన్ని లాగాల్సి వస్తుంది, తల ముందుకి ఊగుతుంది. కదులుతున్న సిటీ బస్సు ఎక్కేవాడు దాంతోపాటు నాలుగు అడుగులు పరిగెత్తి ఎక్కినట్టే, రెండు వేగాలూ కలిసిన క్షణంలో క్లచ్ వదలాలి. అందుకే కుదుపు ఎక్కువగా ఒకటి నుంచి రెండుకి మార్చేటప్పుడే వస్తుంది, ఆ రెండింటి మధ్య తేడా పెద్దది కాబట్టి. పై గేర్లలో తేడా తక్కువ, అక్కడ చేయి కాస్త తొందరపడినా తెలియదు.

గేరు దించేటప్పుడు ఇది తిరగబడుతుంది. నాలుగులో 2000 ఉంటే మూడులో దాదాపు 2700 కావాలి. క్లచ్ తొక్కి ఉన్నప్పుడే ఎక్సలేటర్‌ని చిన్నగా తాకి, ఇంజిన్‌ని పైకి తెచ్చి క్లచ్ వదిలితే కారులో కూర్చున్నవాళ్లకి గేరు మారినట్టే తెలియదు. ఇందులో గేర్‌బాక్సు లోపం ఏముంది? లోపల పళ్లు కలిసే ముందు వాటి వేగాలను సరిచేసే సింక్రోనైజర్లు 1928లో కాడిలాక్ కార్లతో వచ్చాయి. అవి లేని పాత లారీల్లో ఒక్క గేరుకి క్లచ్ రెండుసార్లు (డబుల్ క్లచ్) తొక్కి ఆ పని డ్రైవరే చేసేవాడు. ఇప్పుడు సింక్రోనైజర్ గేరుని మాత్రమే కలుపుతుంది. ఇంజిన్‌ని కలపడం మన కాళ్ల పని. గేరు పడేటప్పుడు గరగర శబ్దం వస్తున్నా, పడిన గేరు దానంతట అదే ఊడిపోతున్నా అది వేరే సంగతి, అప్పుడు ఆటోనగర్‌లో చూపించాల్సిందే. కుదుపుకే భయపడి గేర్‌బాక్సు విప్పించుకుంటే మీ డబ్బులు పోతాయి, కుదుపు మాత్రం ఉంటుంది.

గేరు దాటేస్తే నష్టం లేదు. అయిదులో వస్తూ టోల్‌గేటు దగ్గర బ్రేకుతో 25కి తగ్గించారనుకోండి, నేరుగా రెండోది వెయ్యొచ్చు. స్పీడుకి తగిన గేరు అయితే చాలు. ప్రమాదమల్లా స్పీడు తగ్గకముందే కింది గేరు వెయ్యడంలో ఉంది. 100లో పోతూ నాలుగు అనుకుని రెండు వేసి క్లచ్ వదిలితే చక్రాలు ఇంజిన్‌ని దాని హద్దు దాటించి తిప్పుతాయి. ఆర్‌పీఎమ్ లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదు గానీ చక్రాల తోపుని ఆపలేదు. వాల్వులు, పిస్టన్లు గుద్దుకుని ఇంజిన్ పోవచ్చు.

బ్రేకుకి ముందు క్లచ్ తొక్కాలన్నది నేర్చుకునేటప్పుడు ఇంజిన్ ఆగిపోతుందన్న టెన్షన్ లోంచి పుట్టిన అలవాటు. మూడో గేరులో 40లో ఉన్న బండికి బ్రేకు వేసిన వెంటనే ఇంజిన్ ఆగిపోదు, స్పీడు బాగా పడి ఇంజిన్ వణకబోతున్నప్పుడు క్లచ్ తొక్కితే సరిపోతుంది. ముందే తొక్కితే ఇంజిన్ పట్టు పోయి బండి ముందుకి దొర్లుతుంది. ఉన్నట్టుండి ఎవరైనా అడ్డం వస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా రెండూ కలిపి తొక్కెయ్యండి.

చివరిది హాఫ్ క్లచ్. బండి కదిలించడానికి అది కావాలి, బండి నిలబెట్టడానికి కాదు. సగం వదిలిన క్లచ్‌లో ప్లేటు ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌ని రాసుకుంటూ ఉంటుంది. ఆ రాపిడి వేడిగా మారి ప్లేటుని అరగదీస్తుంది. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గరో, బందరు రోడ్డు ట్రాఫిక్‌లోనో కొన్ని సెకన్లకి మించి ఆగితే న్యూట్రల్ కొట్టి, క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసెయ్యండి. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకున్నా, క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ మీద బరువు పడుతూనే ఉంటుంది. ఎత్తు మీద ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు లాగండి. కదిలేటప్పుడు మొదటి గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదులుతుంటే ఒకచోట ఇంజిన్ శబ్దం మారి బండి ముందుభాగం కొద్దిగా లేస్తుంది. అక్కడ కాలు ఆపి, కొంచెం ఎక్సలేటర్ ఇచ్చి, హ్యాండ్ బ్రేకు దించితే బండి అంగుళం కూడా వెనక్కి రాదు. ఏదైనా ఖాళీ రోడ్డు ఎత్తు మీద తెల్లవారుజామున కొన్నిసార్లు చేసి చూడండి, వెనకాల హారన్లు మోగే రోజుకి కాలు అలవాటు పడి ఉంటుంది.