నౌపడ చిన్న బండి కావాలంటే ఏ బ్రాండు?

ఇంట్లో నడిపే చిన్న మోడల్ రైళ్ల గురించి ఒక వ్యాసం చదివాను. మొదటి ఆవిరి ఇంజన్ మోడల్‌కి హార్న్‌బీ, బాక్‌మన్, మార్క్‌లిన్ కంపెనీలలో ఏది చౌకగా దొరికితే అది కొనేయమన్నారు ఆ రచయిత గారు. అక్కడే నాకు పేచీ. మార్క్‌లిన్ హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) ఇంజన్ మామూలు రెండు పట్టాల డీసీ ట్రాక్ (పట్టాల్లోనే ఒకే దిశలో పారే కరెంటు ఉండేది) మీద నడవదండీ. వాళ్ల ట్రాక్‌లో కరెంటు రెండు పట్టాల మధ్య ఉండే బొడిపెల వరస నుంచి వస్తుంది. అటు వెళితే ట్రాక్, కంట్రోలర్, రైలు పెట్టెలు అన్నీ ఆ పద్ధతివే కొనాలి.

మాది టెక్కలి వైపు. మా పెద్దవాళ్లకి రైలంటే నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లిన నేరో గేజ్ (ఇరుకు పట్టాల) బండే. 1900లో మొదలైన లైను అది, అప్పట్లో పట్టాల మధ్య రెండున్నర అడుగులు, అంటే 762 మి.మీ. అలాంటిది ఇంట్లో పెట్టుకోవాలంటే నా ఓటు బాక్‌మన్ ఓఎన్30 అనే నేరో గేజ్ మోడల్ రకానికే. 1:48 స్కేలు, అంటే అసలు దానిలో 48వ వంతు, నడిచేది మాత్రం 16.5 మి.మీ. హెచ్‌ఓ ట్రాక్ మీద. 762ని 48తో భాగించి చూడండి, దాదాపు సరిపోతుంది. ఇంజన్ల రూపం అమెరికాదే అనుకోండి. పొగగొట్టం, క్యాబు (డ్రైవరు గది) మనమే మార్చుకోవాలి, అసలు సరదా అందులోనే ఉంది.

చుట్టాల చేత అమెరికా నుంచి సెట్టు తెప్పించుకుంటే ముందు అడాప్టర్ చూడండి. 120 వోల్టులు మాత్రమే అని ఉంటే మన 230లో పెట్టగానే గోవిందా. ఇంకోటి, మన సముద్రపు గాలికి ఇత్తడి పట్టాలు తొందరగా నల్లబడతాయి. నికెల్ సిల్వర్ అనే మిశ్రమ లోహంవి తీసుకోండి.